నర్సింలు ఫోటో వెనక నా రాతలు

ఒక్క ఎర్ర పెన్నుతో కుదరబోయే పెళ్ళిని ఎలా ఆపవచ్చో నాకిప్పుడు బాగా తెలుసు. కావాలంటే మీకూ నేర్పుతాను. టీ చల్లారేలోపు చెప్పేస్తాను, వినండి.

ముందు మనుషులను పరిచయం చేయాలి. లేకపోతే సగంలో ఆపి, వాడెవడు, ఈమె ఎవరు అని అడుగుతారు. బడిలో కూడా నేను పాఠం కంటే ముందు పాత్రల పేర్లు బోర్డు మీద రాసేదాన్ని.

మొదటివాడు ఖలీల్. మన చౌరస్తా దగ్గర గడియారాల రిపేరు దుకాణం వాడిదే. ఏడో తరగతి నా దగ్గరే చదివాడు. సెల్‌ఫోన్లు వచ్చిన తర్వాత చేతికి వాచీ పెట్టేవాళ్ళు తగ్గిపోయారు కదా, పొద్దస్తమానం దుకాణంలో కూర్చుని ఏం చేయాలో తోచక ఎవరి దగ్గరో పాత డిజిటల్ కెమెరా ఒకటి కొన్నాడు. "ఇగ దీంతోనే బతుకుత టీచర్" అన్నాడు. మంచిదే నాయనా అన్నాను. అప్పటి నుంచి వారానికోసారి పది పన్నెండు ఫోటోలు ప్రింటు వేయించి నా దగ్గరికి తెచ్చేవాడు.

"ఇంట్ల చూపిస్తే మస్తున్నయి అంటరు. దోస్తులకు చూపిస్తే సూపర్ అంటరు. తప్పు చెప్పేది మీరొక్కలే టీచర్. మొహమాటం లేకుండ చెప్పుండ్రి."

మొహమాటం లేకుండా చెప్పమని ఎవరైనా అడిగితే నాకు అంతకంటే ఏం కావాలి? రిటైరైన ఏడేళ్ళలో దిద్దడానికి నాకు ఒక్క కాగితం దొరకలేదు. పచారీ చీటీలో చింతపండు స్పెల్లింగు దిద్దుకుంటూ బతుకుతున్నాను.

ఫోటోగ్రఫీ నాకేం తెలుసని మీరు అడగవచ్చు. ఏమీ తెలియదు. కాని కళ్ళున్నాయి, ముప్పై నాలుగేళ్ళ సర్వీసు ఉంది. పద్ధతి ఒక్కటే. ముందు ఒక మంచి మాట చెప్పాలి, తర్వాత తప్పు చూపించాలి, ఆ తర్వాత దిద్దుకునే దారి చెప్పాలి. ఉత్త తప్పే చెబితే పిల్లవాడు ముడుచుకుపోతాడు. ఉత్త బాగుంది అంటే చెడిపోతాడు. ఈ పద్ధతిలోనే ప్రతి ఫోటో వెనక ఎర్ర సిరాతో రాసేదాన్ని. మన మెదక్ చర్చి ఫోటో తెచ్చినప్పుడు, "మబ్బులు బాగా వచ్చాయి. గోపురం కొస ఏది? నాలుగడుగులు వెనక్కి జరుగు" అని రాశాను. ఏడుపాయల గుడి దగ్గర ఏటి ఒడ్డున తీసిన ఫోటో వెనక, "రాళ్ళు బాగున్నాయి. నీళ్ళ అంచు ఒరిగింది. నీళ్ళు ఒరగవు, నువ్వే ఒరిగావు. కెమెరా సమంగా పట్టుకో" అని రాశాను. చివర పదికి ఇన్ని అని మార్కులు వేసి, కింద సంతకం పెట్టేదాన్ని. సంతకం పెట్టకుండా ఏ కాగితాన్నీ చేయి దాటనివ్వకపోవడం నా పాత రోగం.

రెండోవాడు నర్సింలు. మా పక్కింటివాడు. ఆర్టీసీలో కండక్టరు. వాడూ నా శిష్యుడే. వాళ్ళమ్మ బాలమణి. వీళ్ళిద్దరూ వచ్చాక కథ ఎటు పోయిందో చూడండి.

అవి సమ్మె రోజులు. తెలంగాణ కోసం అందరూ పనులు ఆపేసి కూర్చున్నారు. బస్సులు డిపోలో, బడులకు తాళాలు, ఆఫీసుల ముందు టెంట్లు. నర్సింలు పొద్దున శిబిరంలో కూర్చుని మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేసేవాడు. డ్యూటీలో ఉన్నన్నాళ్ళు వాడు ఇంట్లో కనబడింది తక్కువ. బాలమణి ఇదే సందు అనుకుంది.

"ముప్పై దగ్గరికొస్తున్నయి టీచరమ్మా. కొడుకు ఇన్ని దినాలకు ఇంట్ల దొరికిండు. తెలంగాణ వచ్చేలోపల వీని లగ్గం జెయ్యాలె" అని నాతో అన్నది.

శంకరంపేటలో ఒక సంబంధం ఉందని ఆమె తమ్ముడు చెప్పాడు. అమ్మాయి పేరు స్వరూప. మండలాఫీసు ఎదురుగా సొంతంగా జిరాక్సు సెంటరు నడుపుతుంది. అమ్మాయి ఫోటో వచ్చింది. నర్సింలు చూశాడు. మామూలుగా ఏ ఫోటో చూపించినా నీ ఇష్టం అవ్వా అనేవాడు, ఈసారి ఫోటో తిరిగి ఇవ్వలేదట. ఇక వీడి ఫోటో పంపాలి. తీసేది ఎవరు? ఇంకెవరు, మన ఖలీలే. మనుషుల ఫోటోలు తీయడం అప్పుడే నేర్చుకుంటున్నాడు.

అలా ఒక సాయంత్రం ఖలీల్ పన్నెండు ఫోటోలున్న కవరు తెచ్చి నా చేతికిచ్చాడు. "జర చూసి పెట్టుండ్రి టీచర్" అన్నాడు. అన్నీ నర్సింలువే. అవి దేనికోసం తీశారో వాడు చెప్పలేదు, నేను అడగలేదు. తెలిసి ఉంటే పెన్ను ముట్టేదాన్ని కాదని ఇప్పుడు అంటాను కాని, ఏమో, ముట్టేదాన్నే.

అందులో ఒకటి మీకు చెప్పాలి. తెల్ల కారుకు ఆనుకుని నర్సింలు నిలబడ్డాడు. కళ్ళకు నల్లద్దాలు. వెనక రెండంతస్తుల మేడ. నేను వెనక్కి తిప్పి ఇలా రాశాను:

"చొక్కా రంగు బాగా పడింది. కాని కాళ్ళు మోకాళ్ళ దగ్గరే కోసేశావు. నల్లద్దాలు తీయించు, మనిషి కళ్ళలోనే కనబడతాడు. కారు డాక్టరు గారిది, మేడ వకీలు గారిది. రెండింటి మధ్య నర్సింలు చిన్నగా అయిపోయాడు. ఫోటో ఎవరిదో ముందు తేల్చుకో. వాళ్ళ పెంకుటింటి అరుగు మీద పొద్దున ఎనిమిదింటికి చక్కటి వెలుతురు ఉంటుంది. అక్కడ తీయి. 5/10."

ఇంకొకటి ఉంది. చెవి దగ్గర సెల్‌ఫోన్ పెట్టుకుని ఎటో చూస్తూ నవ్వుతున్నాడు. దాని వెనక, "నవ్వు బాగుంది. కాని ఫోనులో అవతల ఎవరూ లేరని ముఖమే చెబుతోంది. 4/10" అని రాశాను.

రెండింటి కిందా సంతకం. సుగుణ, రిటైర్డ్ టీచర్, మెదక్.

సిరా ఆరాక ఫోటోలన్నీ ముందువైపుకు తిప్పి వరండాలో టేబుల్ మీద పరిచి లోపలికి పోయాను. కుక్కరు మూడో కూత వేస్తోంది. బయట బాలమణి గొంతు వినబడింది.

"టీచరమ్మా, మా నర్సింలు ఫోటోలు మీ దగ్గరున్నయట గదా. మా తమ్ముడు శంకరంపేట పోతుండు, బండి స్టార్టు జేసి నిలవడ్డడు."

"టేబుల్ మీద ఉన్నాయి, తీసుకుపో" అన్నాను వంటింట్లోంచి. నా నోటితో నేనే అన్నాను. ఇందులో ఖలీల్ తప్పు లేదు, బాలమణి తప్పు లేదు. ఆమె ముందువైపు చూసి అందంగా ఉన్న రెండు తీసుకుంది. కారుది ఒకటి, ఫోనుది ఒకటి. ఫోటోను వెనక్కి తిప్పి చూసే మనిషి లోకంలో ఎవరుంటారు, నాలాంటి వాళ్ళు తప్ప?

శంకరంపేటలో అలాంటివాడు ఇంకొకడు ఉన్నాడు. అమ్మాయి తండ్రి.

నాలుగో రోజు బాలమణి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"టీచరమ్మా, మా నర్సింలు మీ బడిల ఏమన్న తప్పు జేసిండా?"

"లేదే. ఎందుకు?"

"మరి ఇన్నేండ్లకు ఎందుకు పగ తీర్చుకున్నరు?"

నాకు అర్థం కాలేదు. ఆమె గుక్క తిప్పుకోకుండా చెప్పింది. "శంకరంపేట నుంచి ఫోన్ వచ్చింది. కారు డాక్టరుదట గదా, బంగ్ల వకీలుదట గదా అంటుండు పిల్ల తండ్రి. నేను పరేషాన్ అయిన. మీకెవలు చెప్పిన్రు అన్న. మీరే రాసి పంపిన్రు, సంతకం గూడ ఉన్నది అన్నడు. ఎవల సంతకం అంటే మీ పేరు చదివిండు. లేనిది ఉన్నట్టు చూపిచ్చేటోళ్ళతోని మాకు పొత్తు వద్దు అని పెట్టేసిండు."

కుర్చీలో కూర్చున్నాను.

"నా కొడుక్కు అయిదు మార్కులేసిన్రట" అన్నది ఆమె. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"బాలమణీ, అది ఫోటోకు వేసిన మార్కు. నర్సింలుకు కాదు."

"నర్సింలుకైతే ఎన్నేస్తరు?"

చూడండి, ఇక్కడ పది అనాలి. ఏ మనిషైనా పది అంటాడు. నేను ఆలోచించాను. ఆ తల్లి ఎదురుగా నిలబడి చూస్తుండగా ఆలోచించాను. ఆమె నా ముఖం చూసి, కొంగు బిగించుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం నర్సింలు వచ్చాడు. వాడు కోపంగా వచ్చినా బాగుండేది. మెట్టు మీద కూర్చుని చేతులు చూసుకుంటూ, "మీ తప్పేం లేదు టీచర్. కారు పక్కన నిలవడ్డది నేనే గదా" అన్నాడు. లేచి వెళ్ళబోతూ, "నాకు గా పిల్ల నచ్చింది" అన్నాడు.

వాడు ఏడో తరగతిలో కూడా ఇంతే. దెబ్బ తగిలినా చెప్పేవాడు కాదు. నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు. నేను చెడగొట్టినదాన్ని నేనే దిద్దాలి అనుకున్నాను. ఎదురుగా కూర్చుని అర్థమయ్యేటట్టు వివరిస్తే ఎంతటివాడైనా వింటాడని నా నమ్మకం. వివరించడం అంటే నాకు భయం లేదు. భయపడవలసింది వినేవాళ్ళేనని నాకు అప్పటికి తెలియదు.

బస్సులు లేవు కదా, తెల్లవారి ఖలీల్ స్కూటరు మీద వెనక కూర్చుని బయలుదేరాను. అరవై అయిదేళ్ళ వయసులో, ఒళ్ళో సంచి, సంచిలో గొడుగు. వాడి మెడలో కెమెరా. ఊరు దాటి కొంత దూరం పోయామో లేదో రోడ్డుకు అడ్డంగా బండలు పెట్టి, పొయ్యిలు వెలిగించి, గంజుల్లో అన్నం వండుతున్నారు. వంటా వార్పు. ఎవరినీ పోనివ్వడం లేదు. నా పాత శిష్యుడొకడు గుర్తుపట్టాడు. "టీచరమ్మ గూడ ఉద్యమానికి వచ్చింది" అని నన్ను తీసుకుపోయి చాప మీద కూర్చోబెట్టారు. పెళ్ళి సంబంధం పనిమీద పోతున్నానంటే బాగుండదని ఊరుకున్నాను. చేతికి జెండా ఇచ్చారు, విస్తరిలో పప్పన్నం పెట్టారు. ఖలీల్ ఎగిరెగిరి ఫోటోలు తీశాడు. కెమెరా వెనక అద్దంలో నాకు చూపించాడు.

"జనం బాగా వచ్చారు. కాని పొయ్యి ఏది? పొగ ఒక్కటే కనబడుతోంది. అటువైపు నుంచి తీయి" అన్నాను.

"టీచర్, మీకు దండం పెడ్త, ఇయ్యాల ఎవలకు ఏం చెప్పకుండ్రి" అన్నాడు వాడు.

మేము శంకరంపేట చేరేసరికి రెండయింది. అమ్మాయి తండ్రి పేరు రామచంద్రం. ఎరువుల దుకాణం ఉంది. పొడుగాటి మనిషి, తక్కువ మాటలు. నా పేరు చెప్పగానే లోపలికి తిరిగి, "రాసిన టీచరమ్మ వచ్చింది" అని కేక వేశాడు. గదిలోంచి ముగ్గురు మగవాళ్ళు, ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. అందరి చేతుల్లో కాగితాలు. ఒకటి తీసి చూశాను. నా చేతిరాత. అమ్మాయిది జిరాక్సు సెంటరు కదా, ఫోటో వెనక భాగాన్ని కాపీలు తీసి బాబాయిలకు, మేనమామలకు తలా ఒకటి పంచారు.

నా చేతిరాత జిరాక్సులో కూడా గుండ్రంగా వచ్చింది. ఆ సమయంలో కూడా నాకు ఆ సంగతి తోచింది. ఏం మనిషినో.

మంచినీళ్ళు తాగి మొదలుపెట్టాను.

"రామచంద్రం గారూ, మూడు విషయాలు చెప్తాను. మొదటిది, ఆ రాతలు ఫోటో తీసినవాడికి రాసినవి. రెండవది, కారు పక్కన నిలబడమని చెప్పింది ఈ ఖలీల్, నర్సింలు కాదు. మూడవది, నర్సింలు నా శిష్యుడు. వాడిలాంటి పిల్లవాడు దొరకడు. నెమ్మదస్తుడు, అబద్ధం ఆడడు, తల్లి మాట జవదాటడు. తెలుగు బాగా చదువుతాడు. లెక్కల్లో మాత్రం కాస్త బలహీనం."

రామచంద్రం తల పైకెత్తాడు. "కండక్టరు లెక్కలల్ల బలహీనమా?"

ఖలీల్ గోడవైపు తిరిగాడు.

"అప్పుడు బలహీనం" అన్నాను. "ఇప్పుడు బలపడి ఉంటాడు."

"ఉంటడా?" అన్నాడు అమ్మాయి మేనమామ.

నేను ఎంత దిద్దితే అంత చెదిరిపోతోంది. అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడి వింటున్న అమ్మాయి ముందుకు వచ్చింది. సన్నగా ఉంది, చేతివేళ్ళకు జిరాక్సు నల్లపొడి అంటి ఉంది. బల్ల మీద నుంచి ఒక ఫోటో తీసి నా చేతిలో పెట్టింది. నర్సింలుకు పంపిన ఫోటోనే, ఇంకో కాపీ.

"టీచర్, దీంట్ల తప్పులేందో చెప్పుండ్రి."

"వద్దమ్మా" అన్నాను. నా జీవితంలో మొదటిసారి అన్నాను ఆ మాట.

"గా పిలగానికి ఒక న్యాయం, నాకొక న్యాయమా? చెప్పుండ్రి."

ఖలీల్ వెనక నుంచి దగ్గాడు. అది వద్దని చెప్పే దగ్గే, నాకు తెలుసు. కాని ఫోటో చేతిలో ఉంది, అడిగే పిల్ల ఎదురుగా ఉంది. నన్ను నేను ఎంతసేపని ఆపుకుంటాను?

"నిలబడిన తీరు బాగుందమ్మా. తల ఎత్తి సూటిగా చూస్తున్నావు, అది ముఖ్యం. వెనక జలపాతం ఉంది కాని అది స్టూడియో పరదా. నీ చెవి పక్కన మడత కనబడుతోంది. ఇక మెడలో హారం... నీ మెడకు పెద్దది. అది నీది కాదేమో అనిపిస్తుంది. నీకు సన్నటి గొలుసు చాలు."

లోపలి నుంచి అమ్మాయి తల్లి అన్నది, "అది మా వదినెది."

స్వరూప మొదట పెదవి కొరుక్కుంది. తర్వాత ఆపుకోలేక నవ్వింది. తండ్రివైపు తిరిగి, "నాయినా, ఆయినె డాక్టరు కారు పట్టుకొని నిలవడ్డడు, నేను అత్తమ్మ హారం ఏసుకొని నిలవడ్డ. ఎవలను ఎవలు అనాలె?" అన్నది.

రామచంద్రం చేతిలోని జిరాక్సు కాగితం మడిచాడు.

"ఇంతకు ముందు మూడు సంబంధాలొచ్చినయి" అన్నది ఆ పిల్ల. "గా ఫోటోలల్ల ఏ కారు ఎవలదో మనకెవలు చెప్పిన్రు? వీళ్ళ దిక్కు ఒక్క మనిషన్న చెప్పింది గదా."

"చెప్పాలని చెప్పలేదమ్మా, పొరపాటున వచ్చింది" అన్నాను. నిజం చెప్పకపోతే నా నోరు ఊరుకోదు.

రామచంద్రం చాలాసేపు మీసం సవరించుకున్నాడు. చివరికి, "ఇంటి ముంగట తీసిన ఫోటో ఒకటి పంపుమనుండ్రి. కళ్ళద్దాలు లేకుంట" అన్నాడు.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి పెంకుటింటి అరుగు మీద నర్సింలును కూర్చోబెట్టి ఖలీల్ ఫోటో తీశాడు. మామూలు చొక్కా, చేతులు మోకాళ్ళ మీద, పక్కన వాళ్ళ కోడిపుంజు. నిజం చెప్తున్నాను, ఎంతో బాగా వచ్చింది. నాకు చూపించడానికి తెచ్చినప్పుడు బాలమణి కూడా వెంట వచ్చింది. ముందు నా టేబుల్ మీదున్న ఎర్ర పెన్ను తీసి తన కొంగున ముడివేసుకుని, అప్పుడు ఫోటో చూపించింది. నేను నోటితోనే ఎనిమిది మార్కులు వేశాను. కోడి తోక కోసేశాడు, రెండు పోయాయి.

శంకరంపేట నుంచి మూడో రోజే కబురు వచ్చింది. సరే అన్నారు. సమ్మె అయిపోయి బస్సులు నడవడం మొదలయ్యాక ముహూర్తం పెట్టుకున్నారు. బాలమణి స్వయంగా వచ్చి నాకు బొట్టు పెట్టి పిలిచింది. పిలిచి గడప దాటినది మళ్ళీ వెనక్కి వచ్చింది.

"టీచరమ్మా, నా తల్లిసొంటోళ్ళు గదా మీరు. లగ్గంల ఎవలేమడిగినా బాగుంది అనుండ్రి. గా ఒక్క మాటనే. ఇంకేం చెప్పకుండ్రి."

మాట ఇచ్చాను. ఆమె ఇంత అడిగిన తర్వాత ఇవ్వకుండా ఎలా ఉంటాను?

పెళ్ళి శంకరంపేటలో. బాగా జరిగింది. నర్సింలు తల వంచుకుని తాళి కట్టాడు, ఖలీల్ నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీశాడు, నేను ఒక్క మాట మాట్లాడలేదు. పెద్దదాన్నని నన్ను మొదటి బంతిలో, మొదటి విస్తరి దగ్గర కూర్చోబెట్టారు. బగారన్నం, గుత్తి వంకాయ కూర వడ్డించారు. ముద్ద నోట్లో పెట్టుకున్నాను. కూరలో ఉప్పు లేదు. తక్కువ కాదు, అసలే లేదు. పెద్ద గంజు వంటలో ఒక్కోసారి నువ్వు వేశావనుకున్నా, నువ్వు వేశావనుకున్నా అని ఇద్దరూ మరిచిపోతారు, అలా.

సరిగ్గా అప్పుడే రామచంద్రం వచ్చాడు. చేతులు జోడించి, నా ముందు వంగి, అందరూ వినేటట్టు అడిగాడు.

"టీచరమ్మా, వంట ఎట్లున్నది?"

ఎదురుగా బాలమణి నిలబడి ఉంది. నావైపే చూస్తోంది.

"బాగుంది" అన్నాను.

రామచంద్రం ముఖం వెలిగింది. వంటవాళ్ళవైపు తిరిగి, "టీచరమ్మ నోటి నుంచి బాగుంది అని వచ్చిందంటే ఇగ చూసుకునే పని లేదు. బంతులు కూసోవెట్టుండ్రి, వడ్డియ్యుండ్రి" అన్నాడు. వంటాయన రుచి చూడబోతున్నవాడు గరిటె అక్కడే పెట్టేశాడు. మొదటి బంతి వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, కాని నేను బాగుందన్న తర్వాత బాగా లేదని ఎవరంటారు? నాలుగు బంతులు, ఊరి జనం, మెదక్ నుంచి వచ్చిన ఆర్టీసీ వాళ్ళు అందరూ ఆ కూర తిని, చేతులు కడుక్కుని, ఏమీ అనకుండా పోయారు.

చివర పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు కూర్చున్నారు. ఒక్క ముద్ద తిన్నారు. స్వరూప విస్తరి ముందు నుంచి లేచి, పసుపు బట్టలతో, మెడలో దండతో, నేరుగా నా దగ్గరికి వచ్చింది. వెనకే బాలమణి.

"టీచర్, కూరల ఉప్పు లేదు."

"తెలుసమ్మా" అన్నాను.

"మొట్టమొదలు తిన్నది మీరే గదా. ఇంత మంది చప్పటి కూర తిని పోయిన్రు. ఒక్క మాట చెప్పొద్దా?"

నేను బాలమణివైపు చూశాను. ఆమె ఏమన్నదో తెలుసా? "అవు టీచరమ్మా, జర నోరు తెరిస్తే ఏం పోయేది మీది?" అన్నది.